ఛాతీ ఎత్తు గీత

ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. వీధంతా బోర్డులాయన అనే అంటుంది. అక్క "ఒరేయ్" అంటుంది, బావమరిది "బావా" అంటాడు, అంతే. నలభై ఏళ్లకు పైగా కొట్లకీ ఆఫీసులకీ బోర్డులు రాసిన చెయ్యి. స్కేలు పెట్టకుండా బ్రష్షు ఆనించాడంటే ఈ కొస నుంచి ఆ కొస దాకా గీత వెంట్రుకవాసి కూడా వంకర పోదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఎదుటివాడికి తెలియకపోతే కూర్చోబెట్టి మరీ చెప్తాడు. ఫ్లెక్సీలు వచ్చి చేతిరాతవాళ్ల పొట్ట కొట్టాక ఆయనకు మిగిలింది ఆ గర్వమొక్కటే. దాన్ని కూడా వదులుకోమనడానికి మనమెవరం చెప్పండి?

ఏడాదికొకసారి ఎవరూ అడక్కుండానే ఆయన చేసే పని ఒకటుంది. వానలు మొదలయ్యే ముందు, వీధిలో కిరాణా కొట్టాయన గోడ మీదున్న నీలం గీతకు కొత్త రంగు వేస్తాడు. ఆయన ఇరవై రెండేళ్ల వయసులో ఏరు పొంగి ఈ వీధిలోకి వచ్చింది. నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో చూపించే గుర్తు ఆ గీత. వరద తీసిన మర్నాడే బురదలో నిలబడి గీశాడు. ఛాతీ లోతు. అప్పటినుంచీ వీధి మొత్తానికి అదే లెక్క. ఇల్లు కట్టుకునేవాళ్లు ముందు గీత దగ్గరకొచ్చి చూసి, తర్వాత పునాది ఎత్తు చెప్తారు. ఇంటి కాగితాలు ఏ అరలో పెట్టాలో, కరెంటు మీటరు ఎంత ఎత్తున బిగించాలో దాన్ని చూసే తేల్చుకుంటారు. "గీతకి పైనేనా?" అని అడగడం ఆ వీధిలో "బాగున్నారా?" అని అడిగినంత మామూలు.

అసలు సంగతంతా మోకాళ్ల నొప్పితో మొదలైంది.

వేసవి చివర్లో ఒక పొద్దున, గడ్డం గీయించుకుందామని గీతకు ఎదురుగా ఉన్న సెలూనుకు వెళ్లాడు. మూడు మెట్లు. మొదటి మెట్టు మీద "అబ్బా" అన్నాడు. రెండో మెట్టు మీద మెట్లు కట్టినవాణ్ణి తిట్టాడు. మూడోది ఎక్కి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటి బోర్డులాయనా, కొండెక్కొచ్చినట్టు ఆ వగర్పేంటి?" అన్నాడు సెలూనాయన, కత్తి తుడుస్తూ.

"నీ కొట్టుకి ఇన్ని మెట్లెందుకయ్యా? మీ నాన్న ఉన్నప్పుడు ఒక్కటే ఉండేది. ఒక్క అంగలో లోపలికొచ్చి పడేవాణ్ణి."

"నేనేమన్నా సరదాకి కట్టించానా? రోడ్డే కిందికి పోయింది. పైపులు వేసినప్పుడు తవ్వి దించేశారుగా, మర్చిపోయావా? అప్పుడే ఇంకో రెండు మెట్లు అతికించాం."

బోర్డులాయన నవ్వుతూనే కుర్చీలో కూర్చున్నాడు. ఒక చెంప గీయడం అయింది. ఎదురుగా పెద్ద అద్దం, సెలూనాయన తండ్రి నాటిది. ఆనాటి వరదనీళ్లు వెనక్కి చేరి అడుగున జానెడు మేర దాని పూత తినేశాయి. అక్కడ నల్లగా, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. తండ్రి గుర్తుగా దాన్ని గోడ మీంచి కదపలేదు. ఆ మచ్చల్ని బోర్డులాయన వెయ్యిసార్లు చూసుంటాడు. ఇవాళ మాత్రం మెట్ల సంగతి ఇంకా బుర్రలో తిరుగుతోంది. వరద వచ్చిన నాడు మెట్టు ఒక్కటే. ఈ గది కదల్లేదు, అద్దం కదల్లేదు, కదిలింది రోడ్డు. మరి తను గీత గీసింది దేన్నుంచి కొలిచి?



పదకొండేళ్ల కిందటి మాట. రోడ్డు దించిన వేసవిలోనే కొట్టాయన గోడకు సిమెంటు కొత్తగా పూయించాడు. పాత గీత దాని కింద పడిపోయింది. బోర్డులాయన తన పాత నోటుబుక్కు తీస్తే 'రోడ్డు నుంచి నాలుగడుగులు' అని ఉంది. టేపు పట్టి కొలిచి నాలుగడుగుల దగ్గర గీశాడు. పక్కన నిలబడి చూసుకుంటే సరిగ్గా ఛాతీకి వచ్చింది. వరద వచ్చింది ఛాతీ లోతు, గీత ఉన్నది ఛాతీ ఎత్తు. వీధిలో పెద్దవాళ్లంతా "అవును, ఇంతే" అని తలూపారు. అనుమానం ఎవరికొస్తుంది? అందరికీ గుర్తున్నది ఛాతీయే. రోడ్డుతో పాటు తమ ఛాతీ కూడా కిందికి దిగిందని ఒక్కరికీ తట్టలేదు.

"రెండో చెంప తిప్పు" అన్నాడు సెలూనాయన. కుర్చీ ఖాళీగా ఉంది. బోర్డులాయన మెడలో తువాలుతో, సగం నురగతో మెట్లు దిగిపోతున్నాడు. మోకాళ్ల నొప్పి ఏమైపోయిందో ఏమో.

ఆయన బావమరిది తాపీమేస్త్రి. పక్క సందులో ఎవరిదో పిట్టగోడ కడుతున్నాడు. బావని చూసి చేతిలో ఇటుక కింద పెట్టాడు.

"ఏంటి బావా, సగం మొహమే గీయించుకున్నావు? మిగతా సగం ఎవరికి దాచావు?"

"వేళాకోళం తర్వాత. నీ లెవెల్ గొట్టం తీసుకురా."

లెవెల్ గొట్టమంటే మేస్త్రీలు ఎత్తులు సరిచూసుకునేది. లోపలి నీళ్లు పైకి కనబడే సన్నటి పైపు. రెండు కొసలూ వీధికి అటొకరు ఇటొకరు పట్టుకున్నా సరే, రెండు వైపులా నీళ్లు ఒకే ఎత్తులో నిలబడతాయి. నీళ్లకి మొహమాటం లేదు, ఎవరి చెయ్యి ఎంత తిరిగిందో వాటికి అక్కర్లేదు. బావమరిది సెలూన్లోకి వెళ్లి అద్దం మచ్చల పై అంచుకు తన కొస ఆనించాడు. బోర్డులాయన ఇవతల గోడ దగ్గర తన కొస పట్టుకుని చూశాడు. నీళ్లు ఆయన గడ్డం దాటి పైన నిలబడ్డాయి. నీలం గీత ఎక్కడో కిందుంది. చోట్లు మార్చుకుని ఇంకోసారి చూశారు. అడుగున్నర తేడా. అంగుళం ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"పోనీలే బావా. ఎప్పుడో నలభై ఏళ్లకోసారి వచ్చే వరద" అన్నాడు బావమరిది.

బోర్డులాయన వీధి చివరికి చూస్తున్నాడు. అక్కడ నర్సమ్మ ఇల్లుంది.

నర్సమ్మ పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరై, మంచం దిగలేని ముసలివాళ్లను చూసుకోవడానికి ఎనిమిదేళ్ల కిందట ఆ ఇల్లు కట్టుకుంది. ఒక్కటే అంతస్తు, పెద్ద హాలు, ఏడు మంచాలు. పునాది వేసేటప్పుడు ఆయన్ని పిలిపించి, "మీ గీతని నమ్మొచ్చా అన్నయ్యగారూ?" అని అడిగింది. ఈయన రొమ్ము విరుచుకుని, "గీసింది నేనమ్మా. నిశ్చింతగా కట్టుకో" అన్నాడు. ఆవిడ నమ్మింది. హాలు నేల గీతకు నాలుగు వేళ్లు పైకి పెట్టించింది. నిద్రలో పడినా దెబ్బ తగలకూడదని మంచాలు అడుగెత్తులోనే చేయించింది. అంటే ఆనాటి వరదే మళ్లీ వస్తే నీళ్లు పరుపుల మీదికి వస్తాయి. ఆ ఏడుగురిలో తమంతట తాము పక్కకు ఒత్తిగిల్లగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. మూడో మంచం మీదున్నది ఆయన సొంత అక్క.

"రేప్పొద్దున ఎవరూ లేవకముందే పైకి గీసెయ్ బావా" అన్నాడు బావమరిది గొట్టం చుట్టుకుంటూ. "ఎందుకని ఎవరడుగుతారు? నలభై ఏళ్ల పేరు. చేతులారా ఎందుకు చెడగొట్టుకుంటావు?"

ఆ మాట బోర్డులాయనకు నచ్చింది. మన నెత్తి మీద పడితే మనకూ నచ్చుతుంది.

మర్నాడు తెల్లారకముందే అడుగున్నర పైన కొత్త గీత గీసేశాడు. ఇంటికెళ్లి టీ తాగి తిరిగొచ్చేసరికి దాని మీద సున్నం కొట్టేసి ఉంది. పాత గీత మాత్రం ఎప్పటిలాగే నీలంగా నవ్వుతోంది. కొట్టాయన సున్నం బకెట్టు పక్కన పెట్టుకుని గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు.

"ఎవరు కొట్టారిది?"

"నేనే. నా గోడ, నా సున్నం. అంత ఎత్తున గీత చూస్తే జనం హడలి చావరూ? వయసు మీదపడి నీకు ఎత్తు తెలియట్లేదు. ఇంటికెళ్లి రెస్టు తీసుకో."

ఇంకెవరైనా అయితే ఆ మాటకు ఏడ్చుకుంటూ పోయేవాళ్లు. ఈయన మర్నాడు మళ్లీ గీశాడు. కొట్టాయన మళ్లీ సున్నం కొట్టాడు. ఇలా వారం పైనే సాగింది. వీధికి మాత్రం మంచి కాలక్షేపం. "బోర్డులాయన ఇవాళ వరదని ఎంత పెంచాడు?" అని నవ్వుకున్నారు. ఎవరూ నమ్మలేదు. నమ్మడానికి ఈయన ఏం చెప్పాడు కనుక? ఎందుకు పైకి జరిపావంటే "జరపాలనిపించింది" అంటాడు. ఇన్నేళ్లూ ఈయన మాట మీదే నమ్మిన గీతని, కారణం చెప్పకుండా కాదనమంటే ఎవరు కాదంటారు?

తొమ్మిదో రోజున అక్కని చూడ్డానికి నర్సమ్మ ఇంటికి వెళ్లాడు. అక్కకు నడుం కింద స్పర్శ లేదు. ఎడంచెయ్యి రాదు. నోటికి మాత్రం ఏ రోగమూ లేదు. చిన్నప్పుడు పలక మీద ఈయన చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఆ చనువుతో డెబ్బై దాటాక కూడా చెవి మెలేసినట్టే మాట్లాడుతుంది.

"ఏంట్రా, గోడతో తగువు పెట్టుకున్నావట?"

"కొట్టాయన వినట్లేదక్కా."

"ఎందుకు పైకి గీశావో చెప్పావా?"

బోర్డులాయన గోటికంటిన నీలం రంగు గోక్కోవడం మొదలుపెట్టాడు.

"చెప్పలేదన్నమాట. నీకేదో కలొచ్చిందనుకున్నాడేమో పాపం. నాకైనా చెప్తావా, నేనూ సున్నం తెప్పించుకోనా?"

అప్పుడు చెప్పేశాడు. మెట్లు, అద్దం, నోటుబుక్కు, నాలుగడుగులు, అన్నీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. చెప్తున్నంతసేపూ అక్క మొహం చూడలేక మంచం కోడు వైపే చూశాడు. ఆ కోడు పొడవు సరిగ్గా ఎంతో ఆయనకు తెలుసు.

 

"ఒరేయ్" అంది అక్క, గొంతు తగ్గించి. "ఇంకోచోట మేడ మీద గది ఇస్తామన్నారు, గుర్తుందా? అక్కర్లేదు, ఈ ఇల్లు మా వాడి గీతకి పైనే ఉంది, ఇదే చాలన్నాను. నీ గీతని నమ్ముకునేరా నేనిక్కడ పడుకుంది."

నర్సమ్మ గుమ్మంలో తడిగుడ్డతో నిలబడి ఉంది. అంతా విన్నది.

"ఎంత తేడా?"

"అడుగున్నరమ్మా."

ఆవిడ వంగి అక్క పరుపు మీద అరచెయ్యి ఆనించింది. నేల వైపు చూసింది. "మీకెప్పుడు తెలిసింది?"

"తొమ్మిది రోజులైంది."

"తొమ్మిది రోజులా!" ఆవిడ అరవలేదు. చేతిలో గుడ్డని మాత్రం నేలకేసి కొట్టింది. "పొరపాటు ఎవరైనా చేస్తారు అన్నయ్యగారూ. దానికి నాకు కోపం లేదు. తెలిసీ తొమ్మిది రోజులు నోరు మూసుకున్నారే, దానికొచ్చింది కోపం. ఇక్కడ ఏడుగురున్నారు."

బోర్డులాయనకు సిగ్గుతో ఒళ్లంతా కాలిపోయింది. ఆ సిగ్గుతోనే తిన్నగా ఇంటికెళ్లి, రంగుల డబ్బాలు దించి, తనకున్న వాటిలో మంచి బ్రష్షు ఏరుకున్నాడు.

మర్నాడు పట్టపగలు, వీధి నిండా జనం తిరుగుతుండగా, గోడ దగ్గర స్టూలు వేసుకున్నాడు. ముందు పైన కొత్త గీత గీశాడు. పాత గీతని చెరపలేదు. దాని కింద ఎర్రరంగుతో రాయడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ల పనితనం, ఒంపులూ నీడలూ అన్నీ ఆ అక్షరాల్లో పెట్టాడు. చుట్టూ మూగినవాళ్లు ఒక్కో మాటే కూడబలుక్కుని చదివారు.

'ఈ గీత తప్పు. రోడ్డు దించిన సంగతి చూసుకోకుండా గీసింది నేనే. ఆనాడు నీళ్లు వచ్చింది పై గీత దాకా. బోర్డులాయన.'

ఇన్నేళ్లలో ఆయన తన పేరు పెట్టుకున్న రాత అదొక్కటే.

కొట్టాయన సున్నం బకెట్టుతో రయ్యిన వచ్చాడు. చదివాడు. ఇంకోసారి చదివాడు. బకెట్టు కింద పెట్టాడు.

"ఇదేదో మొదటిరోజే ఏడవొచ్చుగా! నా సున్నం దండగ!" అని, గొంతు తగ్గించి, "నువ్వే తప్పని రాసుకున్నాక ఇంక నేనేం తుడుస్తానయ్యా?" అన్నాడు.

ఆ ఆదివారం కొట్టాయన అరుగు మీదే వీధంతా చేరింది. బావమరిది గొట్టం పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నీళ్లు ఏ గోడ మీద ఎక్కడి దాకా వస్తాయో సుద్దతో గీసి చూపించాడు. కొందరి గీత పొయ్యి మీద పడింది. ఒకరిది సరిగ్గా కరెంటు మీటరు మీద పడింది. ఒకాయన ఆపుకోలేక, "ఇన్నాళ్లూ మమ్మల్ని నిండా ముంచావు కదయ్యా!" అని అరిచాడు.

"ముంచాను" అన్నాడు బోర్డులాయన. "నీళ్లింకా రాలేదు. వచ్చేలోపల పని చేద్దాం."

"అయితే పై గీతకి పైన ఉంటే చాలా? గ్యారంటీనా?"

వెనకటి బోర్డులాయన అయితే రొమ్ము విరుచుకునేవాడు. ఇప్పుడు తల అడ్డంగా ఊపాడు. "గీత ఉంటే నీళ్లు అక్కడ ఆగుతాయని కాదు. ఒకసారి అక్కడిదాకా వచ్చాయని, అంతే. ఈసారి ఎంతొస్తాయో నాకేం తెలుసు? ఇంకా పైకి పోవడమే మేలు."

పైకి అంటే ఎక్కడికి? వీధిలో మేడలు నాలుగున్నాయి. మెట్లు సన్నం, మలుపులు ఇరుకు. కూర్చోలేని మనిషిని పడుకోబెట్టి ఎక్కించడం అయ్యే పని కాదు. వెడల్పు మెట్లున్నది ఒక్క బోర్డులాయన ఇంటికే. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడుగు బోర్డులు దింపాలని అప్పట్లో అలా కట్టించుకున్నాడు. పైన ఆయన పని గది. దాని నిండా బోర్డులే. మూతబడ్డ కొట్లవి, వచ్చి తీసుకెళ్లనివాళ్లవి, మనసు ఒప్పక తానే దాచుకున్నవి. ఒక్కొక్కటీ తుడిచి, ఒక్కసారి చూసుకుని, బయటికి పంపేశాడు. గది ఖాళీ అవడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆయన్ని ఎవరూ ఆటపట్టించలేదు.

ఏడు బోర్డులు మాత్రం ఉంచాడు, మనిషి పొడుగువి, గట్టివి. బావమరిది వాటి పక్కలకు కన్నాలు చేసి, తాళ్లతో పట్టుకోవడానికి పిడులు కట్టాడు. మనిషిని మోసే బల్లలు తయారయ్యాయి. మొదటిసారి వాటిని పరీక్షించడానికి బోర్డులాయనే రోగిలా పడుకున్నాడు. 'సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును' అన్న బోర్డు మీద ఆయన్ని నలుగురు మోసుకుంటూ మెట్లెక్కుతుంటే వీధి పగలబడి నవ్వింది. మలుపు దగ్గర బోర్డు ఒరిగి ఆయన జారబోయాడు.

"బావా, కాస్త తగ్గవయ్యా, గోడకి ఇన్ని ఇటుకలు మొయ్యలేదు నేను" అన్నాడు బావమరిది.

"ముందు నువ్వు తలవైపు ఎత్తు! తల కిందికి పోతోంది! రేపు ఇక్కడ ఉండేది నేను కాదు, మీ వదిన!" అని పడుకునే కేకలేశాడు బోర్డులాయన. అక్క బావమరిదికి వదిన వరస.

మొదటిసారి ఏడు బోర్డులూ పైకి చేరడానికి దాదాపు రెండు గంటలు పట్టింది. ఆయన ఒప్పుకోలేదు. మళ్లీ చేయించాడు. విసుక్కున్నవాళ్లను ఇళ్లకెళ్లి లాక్కొచ్చాడు. బస్తాలు మోసి కండలు తేలిన కొట్టాయన ముందు పట్టుకుంటే మలుపు సులువవుతుందని మూడోసారికి తెలిసింది. నాలుగోసారి యాభై నిమిషాల్లో అయింది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది నర్సమ్మ రాసిపెట్టింది. ఆక్సిజన్ మిషను మీదున్న తాతగారు ముందు, అక్క మూడు. "నన్ను ఆఖర్న పెట్టమ్మా, వీడి కంగారు మొత్తం చూడాలి" అని అక్క బతిమాలినా ఆవిడ వినలేదు.

ఇంకొకటి మిగిలింది. బయల్దేరడం ఎప్పుడు? ఆనాడు నీళ్లు ఏటి వైపు నుంచి ఎదురుగా రాలేదని, ముందు మురుగుకాలవ వెనక్కి పారిందని సెలూనాయన తండ్రి చెప్తుండేవాడు. అలా పారిన మూడు గంటలకు వీధి మునిగింది. అందుకని వీధి మొదట్లో కాలవ మీదున్న చిన్న వంతెన గోడకు బోర్డులాయన రెండు పట్టీలు వేశాడు. నీళ్లు పసుపు పట్టీ తాకితే నర్సమ్మ ఇంటివాళ్లను మోసుకెళ్లాలి. ఎరుపు తాకితే వీధంతా మేడలెక్కాలి. రోజూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వెళ్లి చూసి వచ్చేవాడు.

ఆ ఏడాది వానలు పెద్దగా లేవు. ఒకరోజు మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. డాబాల మీద బట్టలు ఆరుతున్నాయి. ఎగువన రెండు రోజులుగా భారీ వానలని, జాగ్రత్తగా ఉండమని ఫోన్లకు మెసేజీలు వచ్చాయి. అలాంటివి పది వస్తాయి, ఎవరు చూస్తారు? బోర్డులాయన వంతెన మీద నిలబడి కిందికి చూస్తుంటే తెగిన చెప్పొకటి తేలుతూ వచ్చింది. ఏటి వైపు పోవలసిన చెప్పు వీధి వైపు వస్తోంది. ఆయన కళ్ల ముందే నీళ్లు పసుపు పట్టీ అంచు తాకాయి.

ఖాళీ రంగు డబ్బా పట్టుకుని బ్రష్షు కాడతో బాదుకుంటూ వీధిలోకి వచ్చాడు.

"ఎండ చూశావా ఎలా కాస్తోందో! వరదేంటయ్యా ఇప్పుడు?" అన్నాడు కొట్టాయన.

"ఎండ ఇక్కడ, వాన అక్కడ. కాలవ వెనక్కి పారుతోంది. పద!"

నర్సమ్మ కూడా గుమ్మంలో తటపటాయించింది. "తాతగారి పరిస్థితి ఏం బాగాలేదు అన్నయ్యగారూ. ఊరికే కదిలిస్తే ఏమవుతుందో అని నా భయం. ఇంకో గంట చూద్దామా?"

"తొమ్మిది రోజులు చూశాను కదమ్మా ఒకసారి" అన్నాడు ఆయన. "ఇంక చూడను."

ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. లోపలికి తిరిగి, "సిలిండరు ముందు పైకి పంపండి" అంది.

అందరూ వచ్చారు. బావమరిది తాపీ అక్కడే పడేసి వచ్చాడు. సెలూనాయన కుర్చీలో కూర్చున్నవాణ్ణి కూడా లాక్కొచ్చాడు. తాతగారు వెళ్లారు, రెండో మంచం వెళ్లింది. మూడో బోర్డు బోర్డులాయన చేతిరాతల్లో అన్నిటికంటే మంచిది. ఒక సినిమా హాలుకు రాశాడు, హాలు మూతబడి ఎవరూ తీసుకెళ్లలేదు. అక్కని దాని మీదికి ఎత్తుతుంటే ఆవిడ, "అక్షరాలు అరిగిపోతాయేమోరా" అంది.

"అరిగితే మళ్లీ రాసుకుంటాలే. నువ్వు కదలకు."

యాభై అయిదు నిమిషాలకు ఏడో మనిషి కూడా పైకి చేరింది. అప్పటికి వీధి పొడిగానే ఉంది, ఎండ అలాగే ఉంది. ఒకరిద్దరు మొహాలు చూసుకుని నవ్వబోయారు. అంతలో కాలవ మూతల సందుల్లోంచి నీళ్లు బుడబుడమంటూ పైకి లేచాయి. వంతెన దగ్గర ఎరుపు కూడా మునిగిందని వీధంతా మేడలెక్కింది. ఇంకో గంటకు మోకాళ్ల లోతు అయింది. పొద్దు వాలే వేళకు ఎర్ర అక్షరాలు వరస తర్వాత వరస మునిగిపోయాయి. తర్వాత పాత గీత మునిగింది. బోర్డులాయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. చివరికి కొత్త గీత కూడా మునిగింది. అప్పుడు ఆయనకు నిజంగా భయమేసింది. ఆ భయం అక్కకు కనబడకూడదని కిటికీ దగ్గర్నుంచి వెనక్కి తిరగలేదు. నీళ్లు కొత్త గీతకు రెండు వేళ్లు పైకి వచ్చి ఆగాయి.

మూడో రోజుకు వీధి బయటపడింది. బురదలో ముందు నర్సమ్మ, వెనక బోర్డులాయన హాల్లోకి వెళ్లారు. మంచాలు ఉన్నచోటే ఉన్నాయి. ఆవిడ మూడో మంచం దగ్గరికి తీసుకెళ్లి గోడ చూపించింది. గోడ మీద తిన్నగా, వెంట్రుకవాసి వంకర లేకుండా, బురద గీత ఉంది. తడిసి ఉబ్బిన దిండు ఆ గీతకు నాలుగు వేళ్లు కింద ఉంది. బోర్డులాయన గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. కళ్ల నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. నర్సమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "పదండి అన్నయ్యగారూ, పైన వాళ్లకి మందుల వేళయింది" అంది.

బయట కొట్టాయన తడిగుడ్డతో గోడ మీద బురద తుడుస్తున్నాడు. కింద నుంచి ఎర్ర అక్షరాలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి.

"రంగు కొంచెం కూడా పోలేదయ్యా" అన్నాడు. "తప్పు గీత ఇంకెందుకు, చెరిపేద్దామా?"

"వద్దు. ఉండనీ."

బావమరిది గొట్టంలో నీళ్లు నింపుకుని వచ్చాడు. ఏమీ అడక్కుండా ఒక కొస పట్టుకుని నర్సమ్మ ఇంట్లోకి వెళ్లి, మూడో మంచం పక్కనున్న బురద గీతకు ఆనించాడు. గొట్టం చాలక మధ్యలో రెండు చోట్ల ఆగి గుర్తులు పెట్టుకుంటూ గోడ దాకా వచ్చారు. బోర్డులాయన స్టూలెక్కి బ్రష్షు నీలంలో ముంచాడు. మేడ మీద కిటికీలోంచి అక్క గొంతు వీధంతా వినబడింది.

"ఒరేయ్! ఈసారి దేన్నుంచి కొలిచావురా?"

ఆయన తల తిప్పకుండా, చెయ్యి వణక్కుండా గీత మొత్తం పూర్తి చేశాడు. ఆ తర్వాత బదులిచ్చాడు.

"నీ దిండు నుంచక్కా."